ఊదారంగు మూత

మా ఇంట్లో కంచాలు తోమడానికో వరస ఉంది. ముందు అత్తయ్యగారిది, తర్వాత మా ఆయనది, ఆ తర్వాత మా అమ్మాయి తులసిది. ఆ మూడూ కడిగి గూట్లో బోర్లించాక, పెరటి గోడ మీద విడిగా ఉండే నీలం ప్లాస్టిక్ కంచం తీస్తాను. అది నాది. దానికి వేరే పీచు, వేరే సబ్బుముక్క. ఎనిమిదేళ్ళుగా ఈ వరస తప్పలేదు. ఆ ఆదివారం పొద్దున్న మాత్రం తప్పింది. మనసు ఎక్కడో ఉండి ముందు నా కంచమే తోమేసి, అదే పీచుతో అత్తయ్యగారి కంచం అందుకున్నాను.

"ఏంటమ్మాయ్, మతుండే చేస్తున్నావా?" అన్నారావిడ వెనక నుంచి. "ఆ పీచు అటు పారేసి, చేతులు కడుక్కుని మళ్ళీ తోము."

"ఆయ్, అలాగేనండి," అన్నాను. నిజం చెప్పాలంటే నాకు నవ్వొచ్చింది. ఇంకో అరగంటలో ఈ ఇంటికే రక్తం తీసుకోడానికి మనుషులు రాబోతున్నారు. అందరి దగ్గరా తీస్తారు. అత్తయ్యగారి దగ్గరా, మా ఆయన దగ్గరా కూడా. అది తలుచుకుంటే కాళ్ళు నేల మీద ఆనడం లేదు. అప్పటికే అన్నం వార్చి, చింతచిగురు రొయ్యలు పొయ్యి మీద పెట్టి, తులసికి జడ వేసి, మా ఆయన చొక్కా ఇస్త్రీ చేసి ఉన్నాను. ఆదివారమని పేరే గానీ ఆ రోజు నాకు పని రెండింతలు. ఆ రోజు అది కూడా బరువనిపించలేదు.

నేను ల్యాబ్ టెక్నీషియన్ని. మామిడికుదురు దగ్గర్లో ఒక ప్రభుత్వాసుపత్రిలో ఆరేళ్ళుగా కాంట్రాక్టు మీద పనిచేస్తున్నాను. ఈ వేసవిలో దేశమంతటా ఒక సర్వే మొదలైంది. హెపటైటిస్ బి అనే లివరు జబ్బు ఎంతమందికి ఉందో, వాళ్ళలో ఎంతమందికి డెల్టా అనే రెండో వైరస్ కూడా తోడైందో ఇంటింటికీ వెళ్ళి రక్తం తీసి తేల్చాలి. ఏ ఊరు, ఏ ఇల్లు అన్నది ఎవరి ఇష్టమూ కాదు, కంప్యూటరు లాటరీ తీసి జాబితా పంపింది. మా మండలంలో శాంపిళ్ళ బాధ్యత ఎవరికివ్వాలా అని చూసి నాకిచ్చారు. ఆ ఆర్డరు కాగితం మీద నా పేరు ముందు 'ఇన్‌ఛార్జి' అని ఉంది. దాన్ని ఎన్నిసార్లు చదువుకున్నానో చెబితే నవ్వుతారు.

అమలాపురంలో రెండు రోజులు శిక్షణ ఇచ్చారు. హైదరాబాదు నుంచి వచ్చిన డాక్టరమ్మగారు బోర్డు మీద బొమ్మ గీసి చెప్పింది: "ఈ డెల్టా వైరస్‌కి సొంత చొక్కా ఉండదమ్మా. బి వైరస్ చొక్కా తొడుక్కుంటే గానీ బయట తిరగలేదు. అందుకే బి లేనివాళ్ళకి డెల్టా రాదు. రెండూ కలిస్తే మాత్రం లివరు తొందరగా పాడవుతుంది. మన దేశంలో ఇది ఎంతమందికి ఉందో మన దగ్గర సరైన లెక్క లేదు. ఆ లెక్క మీరు తేవాలి."

నా పక్కన కూర్చున్నామె ఉండబట్టలేక, "మా ఆయనేనండి అది. నేను ఇస్త్రీ చేసిచ్చిన చొక్కా తొడుక్కుంటే గానీ గడప దాటడండి," అంది. హాలు గొల్లుమంది. ఆమె పేరు అమ్మాజీ. పి.గన్నవరం వైపు ఆశా కార్యకర్త. ఇంటింటా ప్రశ్నలడిగి ఫారం నింపడం ఆమె పని, రక్తం తీసి, శాంపిళ్ళు సరిచూసి ఐసుపెట్టెలో సర్ది పంపడం నా పని. వెనక బెంచీలోంచి ఇంకొకావిడ లేచి, మన గోదావరి డెల్టా పేరే ఎందుకు పెట్టేరండి, మన ప్రాంతానికి చెడ్డపేరు కాదా అని కాసేపు తగువు కూడా పెట్టుకుంది.

నేను మాత్రం చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను. ఇంట్లో ప్రతి మనిషి దగ్గరా పసుపు మూత ట్యూబు ఒకటి తీయాలి. తమకి బి ఉందని ముందే తెలిసి, ఆ మాట ఫారంలో చెప్పినవాళ్ళ దగ్గర మాత్రం రెండో ట్యూబు కూడా తీయాలి. దానికి ఊదారంగు మూత. అందులోని రక్తం నేరుగా డెల్టా పరీక్షకి వెళుతుంది. మిగతావాళ్ళలో ఎవరికైనా బి తేలితే అప్పుడు మళ్ళీ వెళ్ళి తీయాలి. ఇంటికొచ్చాక ఇదంతా పద్యంలా వల్లె వేశాను. పచ్చడి నూరుతూ, బట్టలు ఆరేస్తూ, "బి ఉన్నవాళ్ళు డెల్టా పరీక్ష చేయించుకోవడం చాలా అవసరమండీ, బయట చేయించుకోవాలంటే హైదరాబాదు పోవాలండీ, ఇక్కడ ఉచితమండీ, మీ సమాధానం మీ పేరు మీద ఉండదండీ, నంబరు మీదే ఉంటుందండీ" అని గోడలకి చెప్పేదాన్ని. మా ఆయన పేపరు చదువుకుంటూ, "ఆ పారాయణం కాస్త ఆపుతావా," అనేవారు. వింటున్నారని అప్పుడు నేననుకోలేదు.

ఇన్ని రోజులుగా ఊళ్ళు తిరుగుతూ ప్రతి గుమ్మం ముందూ ఒకే మాట చెబుతున్నాను. "కలిసి తింటే రాదండి. కంచం, గ్లాసు వేరు చెయ్యక్కర్లేదండి. ముద్ద కలిపి పెడితే రాదండి. రక్తం వల్ల వస్తుందండి, కాపురం వల్ల వస్తుందండి, కాన్పులో తల్లి నుంచి బిడ్డకొస్తుందండి. టీకా ఉందండి." ఎంత ధీమాగా చెబుతానో. చెప్పి, సాయంత్రం ఇంటికొచ్చి, పెరటి గోడ మీది నీలం కంచం దింపుకుని అన్నం పెట్టుకుంటాను. దేశం మొత్తానికి చెప్పగలను గానీ మా వంటింటికి చెప్పలేకపోయాను.

తులసి కడుపులో పడినప్పుడు మూడో నెల పరీక్షల్లో నాకు బి ఉందని తేలింది. అప్పుడు రాజోలులో ఒక ప్రైవేటు ల్యాబులో చేసేదాన్ని. రిపోర్టు చూసి మా ఆయన నాగేంద్రబాబు అన్న మొదటి మాట, "నీ రక్తాల ఉద్యోగం తెచ్చిపెట్టిందిది." అత్తయ్యగారన్నది, "మా ఇంటావంటా లేదమ్మా ఇలాంటి రోగం." పక్క కుర్చీలో మా ఆయన్ని కూర్చోబెట్టుకుని డాక్టరుగారు శుభ్రంగా చెప్పారు, కంచాల వల్ల రాదు, భర్త కూడా పరీక్ష చేయించుకుని టీకా వేయించుకోవాలి అని. బయటికొచ్చాక నేను అడిగితే, "నాకేం రోగం? బండెడు కొబ్బరికాయలు ఒంటిచేత్తో లోడు చేయిస్తున్నాను. నాకు పరీక్షలేంటి?" అన్నారు. అత్తయ్యగారు, "మొగాణ్ణి పట్టుకుని పరీక్షకి పొమ్మంటావా, పైగా తప్పు నీ దగ్గర పెట్టుకుని?" అన్నారు. తప్పు నా దగ్గరే ఉందని నేనూ నమ్మాను. ఎందుకంటే పెళ్ళయిన నాలుగో నెలలో ఒక మంగళవారం ల్యాబులో ఎవరిదో రక్తం తీసిన సూది నా బొటనవేలికి గుచ్చుకుంది. "దూదితో తుడుచుకుని పనిలో పడమ్మా," అన్నాడు ఓనరు. అక్కడ పనిచేసేవాళ్ళకి టీకా వేయించాలన్న ఆలోచన ఆయనకి ఎప్పుడూ రాలేదు, అడగాలన్న ధైర్యం నాకూ రాలేదు. పెళ్ళికి ముందు కాలేజీ క్యాంపులో రెండుసార్లు రక్తదానం చేశాను, అప్పుడేమీ లేదు. కాబట్టి వచ్చింది పెళ్ళి తర్వాతే. పెళ్ళి తర్వాత నాకు కొత్తగా జరిగినవి రెండే, సూది గుచ్చుకోవడం, కాపురం. నేను సూదినే అనుమానించాను.

ఉద్యోగం మానెయ్యమన్నారు. మాననన్నాను. అయితే కంచం వేరన్నారు. సరేనన్నాను. అంతే బేరం. తులసి పుట్టగానే, పన్నెండు గంటలు తిరక్కుండా టీకా వేయించాను, ఏడాదికి పరీక్ష చేయిస్తే బిడ్డకి ఏమీ లేదు. ఆ రిపోర్టు పట్టుకుని ల్యాబు గుమ్మంలో కూర్చుని ఏడ్చాను. ఇంటికొస్తే అత్తయ్యగారు, "అదృష్టం బాగుండి తప్పింది, ఇంకా నీ చేత్తో ముద్దలు పెట్టి అంటించకు," అన్నారు. నేను వండింది తినొచ్చు, నేను కలిపింది తినకూడదు. ఈ శాస్త్రం ఎక్కడిదో నాకు తెలియదు. తులసికి ఏడున్నరేళ్ళు. కన్నతల్లిని, ఇంతవరకూ దానికి ఒక్క ముద్ద కలిపి పెట్టలేదు. ఇంకో తమాషా ఏమిటంటే, గూట్లో ఉన్న స్టీలు కంచాలు పన్నెండూ నా పెళ్ళికి మా అమ్మ ఇచ్చినవి. ఒక్కొక్కదాని అంచు మీదా 'సాయిదుర్గ' అని పేరు కొట్టించింది. ముగ్గురూ మూడు పూటలా నా పేరు మీదే భోంచేస్తారు. నేను తప్ప.

సర్వే పదో రోజనుకుంటాను, అమ్మాజీ నడుస్తూ నడుస్తూ ఒక మాటంది. ఎవరి పేరూ చెప్పలేదు, చెప్పకూడదు కూడా. "ఊదా మూత ఇచ్చే మొగాళ్ళందరిదీ ఒకటే కథండి మేడంగారూ. గల్ఫ్ మెడికల్‌లో తెలిసిందండి, అన్‌ఫిట్ అన్నారండి అంటారు. ఇంట్లో ఏం చెప్పేరండి అంటే, ఏజెంటు ముంచేసేడని చెప్పేమండి అంటారు. మన ఊళ్ళల్లో ఏజెంట్లు నిజంగా ముంచింది సగమేనండి. మిగతా సగం ఈ పద్దు కిందే పోయింది." నేనూ నవ్వాను. రాజోలులో మా ల్యాబుకి కూడా గల్ఫ్ వెళ్ళే కుర్రాళ్ళు ముందుగా వచ్చి గుట్టుగా రక్తం చూపించుకుని వెళ్ళేవారు, అది నాకు తెలిసిన సంగతే. నవ్వి పది అడుగులు వేశాక, మా ఆయన కూడా పెళ్ళికి ముందు రెండుసార్లు కువైట్ ప్రయాణం కట్టి ఆగిపోయారు కదా అని గుర్తొచ్చింది. బంగారరాజు అనే ఏజెంటు మోసం చేశాడని చెబుతారు. అత్తయ్యగారు ఇప్పటికీ ఆ పేరు వినబడితే చాలు, "వాడి కొంప కూల," అని మొదలుపెడతారు. ఛ, అన్నీ మనింటికే అంటగట్టుకుంటానేంటి అని ఆ ఆలోచనని అక్కడే కాలవలోకి తోసేశాను.

మర్నాడు వచ్చిన జాబితాలో పదిహేడో నంబరు మా ఇల్లు.

శనివారం మా సూపర్‌వైజరు సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు పిలిచారు. "అమ్మా సాయిదుర్గా, ఆ పదిహేడు మీ ఇల్లే కదా. పక్కింటితో మార్చేద్దాంలే. నాగేంద్రబాబు ఫోను చేసేడు, ఇంట్లో ఇబ్బందంట."

కాలవలోకి తోసిన ఆలోచన తిరిగి గట్టెక్కి నా ఎదురుగా నిలబడింది. మా ఆయనకి ఏమిటి ఇబ్బంది? నాకు బి ఉందని బయటపడుతుందనా? పోనీ అదే అనుకుందాం. నన్నడగకుండా నా ఆఫీసుకి ఫోను ఎందుకు?

"మార్చకూడదండి. లాటరీలో పడిన ఇల్లు మారిస్తే లెక్కంతా తప్పవుతుందండి."

"ఎవరు చూస్తారమ్మా? ముందెళ్ళి టీ చెప్పిరా, తర్వాత మాట్లాడదాం."

ఆరేళ్ళుగా ఆ మాటకి నేను లేచి వెళ్ళేదాన్ని. ల్యాబులో పది స్లైడులు ఎండిపోతున్నా సరే. ఆ రోజు లేవలేదు. "టీకి ఇంకెవరినైనా పంపండి. ఇల్లు మార్చాలంటే కారణం రాసి సంతకం పెట్టివ్వండి, హైదరాబాదు పంపిస్తాను," అన్నాను. ఆయన నన్ను కొత్తగా చూసి, "అంత దూరం ఎందుకులేమ్మా, ఉండనీ," అన్నారు. బయటికొచ్చి ఐసుపెట్టె మూత మీద కూర్చున్నాను. భయం వెయ్యలేదు. పదో తరగతిలో లెక్కల పేపరు చేతికొచ్చి, ఐదు ప్రశ్నలూ వచ్చేవే అని తెలిసినప్పుడు ఇలాగే అనిపించింది.

ఆ సాయంత్రం ఇంట్లో, "ఊళ్ళో ఇన్నిళ్ళుండగా మనిల్లే దొరికిందా?" అన్నారు మా ఆయన.

"కంప్యూటరుకి దొరికిందండి."

"నేను రేపు లోడు దగ్గరికెళ్ళాలి. నాకు కుదరదు."

అత్తయ్యగారు మధ్యలో, "షుగరు కూడా అక్కడికక్కడే చూసి చెబుతారంటగా? ఉండి చూపించుకోరా బాబూ, మీ నాన్న దాంతోనే పోయేరు," అన్నారు. తల్లి మాటకి ఆయన ఎదురు చెప్పరు. జీవితంలో మొదటిసారి అత్తయ్యగారి కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది.

ఆదివారం ఏడింటికి అమ్మాజీ, ఆమె వెంట నర్సు లావణ్య వచ్చారు. సొంత ఇంటి ప్రశ్నలు, రక్తం నేను ముట్టుకోకూడదు. అందుకని పక్క గ్రామం నుంచి లావణ్యని రప్పించాం. మధ్య గదిలో కుర్చీ వేసి, తలుపు దగ్గరగా వేసి, ఒక్కొక్కరినే పిలిచారు. అమ్మాజీ ముందు చేతులు కడుక్కోడానికి పెరట్లోకి వచ్చింది. గోడ మీద కంచం చూసి, "ఇదేంటమ్మా, కోళ్ళకా?" అని తులసినడిగింది.

"కాదండి, మా అమ్మదండి," అంది తులసి.

అమ్మాజీ నా వైపు చూడలేదు. చేతులు తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది.

అత్తయ్యగారు ముందు వెళ్ళి, షుగరు నూట నలభయ్యే అంటూ సంబరంగా బయటికొచ్చారు. తులసి ఏడవలేదు, దూది పట్టుకుని వీధి అరుగు మీదకి పరిగెత్తింది. తర్వాత నా వంతు. అమ్మాజీ ఫారం మీద నుంచి తల ఎత్తకుండా వరసగా అడుగుతూ వచ్చి, "మీకు హెపటైటిస్ బి ఉందని ముందెప్పుడైనా పరీక్షలో తేలిందాండి?" అంది.

ఈ ప్రశ్న నేనే వంద ఇళ్ళ ముందు వివరించాను. ఎనిమిదేళ్ళలో ఈ మాట బయటివాళ్ళెవరికీ చెప్పలేదు. ఆసుపత్రిలో తెలిస్తే, రక్తాలు తీసే మనిషికి ఈ రోగమా అని కాంట్రాక్టు పొడిగించరేమోనని భయం. "తేలిందండి," అన్నాను. "ఎనిమిదేళ్ళయింది. కడుపుతో ఉన్నప్పుడు."

"ఆయ్," అంది అమ్మాజీ, రాసుకుంది. "లావణ్యగారూ, ఊదా మూత కూడా తీయండి." అంతే. కలం ఆగలేదు, కుర్చీ వెనక్కి జరగలేదు. నేను అందించిన మంచినీళ్ళు గటగటా తాగేసి గ్లాసు నా చేతికే ఇచ్చింది. ఇంత తేలికా ఇది? ఎనిమిదేళ్ళు మోసిన మాట ఒక 'ఆయ్'తో ఫారంలో కూర్చుంది. లావణ్య రక్తం తీస్తుంటే ఆ రెండు ట్యూబులూ నిండడం చూస్తూ, నేను కూడా లెక్కలోకొచ్చానని ఎంత సంతోషమేసిందో. రోగం ఉన్నదాన్నని కాదు, ఉన్నదాన్నేనని.

ఆ తర్వాత మా ఆయన లోపలికి వెళ్ళారు. అందరికీ మూడు నాలుగు నిమిషాలు పట్టింది. పది నిమిషాలైనా ఆ తలుపు తెరుచుకోలేదు. నేను చూస్తూ నిలబడలేను, అంగన్‌వాడీలో రక్తం తిప్పే మిషను పెట్టుకుని ఉన్నాం, ముందు ఇళ్ళ శాంపిళ్ళు అక్కడ నా కోసం ఎదురు చూస్తున్నాయి. చెప్పులేసుకుని వెళ్ళిపోయాను.

ఎనిమిదింటికి అమ్మాజీ ట్యూబుల స్టాండు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. "పదిహేడో నంబరండి. సరిచూసుకోండి మేడంగారూ."

"చూస్తానులే, అక్కడ పెట్టు."

ఆమె కదల్లేదు. కిటికీలోంచి అవతలి కొబ్బరితోట వైపు చూస్తూ, "ఒకసారి లెక్క చూసుకోండి మరి. నా పని నేను చేసేనండి, మీ పని మీరు చెయ్యాలి గదా," అంది.

చూశాను. నలుగురు మనుషులం, నాలుగు పసుపు మూతలు. నాది ఒక ఊదారంగు మూత. ఐదు ఉండాలి. ఆరున్నాయి. మళ్ళీ లెక్కపెట్టాను. ఊదారంగు మూతలు రెండు. ఒకదాని మీద నా నంబరు. రెండోదాని మీద పదిహేడు బై ఒకటి. ఒకటో నంబరు ఎప్పుడూ ఇంటి యజమానిది.

నేను వెతకలేదు. లెక్క సరిపోవాలి కాబట్టి చూశాను. పరీక్ష ఫలితం రావడానికి ఇంకా నెల పడుతుంది, ఆ నెలంతా ఎలా ఆగాలా అనుకున్నాను. ఫలితంతో పనే లేకపోయింది. ముందే తెలిసినవాళ్ళకే ఆ మూత. అంటే ఆయనకి తెలుసు. నాకు తెలియకుండా ఎక్కడా పరీక్ష చేయించుకోలేదు కదా, పెళ్ళి తర్వాత చేయించుకోనని భీష్మించారు కదా, మరి ఎప్పుడు తెలుసు? కువైట్ మెడికల్. ఒకసారి కాదు, రెండుసార్లు. బంగారరాజు ఎవరినీ ముంచలేదు. పదేళ్ళుగా అత్తయ్యగారి శాపనార్థాలు తిన్న ఆ ఏజెంటూ, ఎనిమిదేళ్ళుగా నీలం కంచంలో తిన్న నేనూ ఒకే రోజు, ఒకే బల్ల మీద నిర్దోషులమయ్యాం. నాకు ఏడుపు రావాలి. కోపం రావాలి. వచ్చాయి కూడా, కానీ వాటికంటే ముందు ఇంకోటి వచ్చింది, గుండెల్లోంచి గొంతులోకి, నవ్వో కేకో తెలియనిది. బొటనవేలు చూసుకున్నాను. ఎన్ని రాత్రులు ఈ వేలిని తిట్టుకున్నాను! సూదే కావచ్చు ఇప్పటికీ, ఎవరి నుంచి వచ్చిందో నేను రుజువు చెయ్యలేను, నా చదువు నాకు ఆ మాత్రం నిజాయితీ నేర్పింది. కానీ ఆయన పెళ్ళికి ముందు ఒక్క మాట చెప్పి ఉంటే, మూడు టీకాలు వేయించుకునేదాన్ని, సూదీ నన్నేం చేసేది కాదు, కాపురమూ ఏం చేసేది కాదు. చెప్పలేదు సరే. డాక్టరుగారి గదిలో నా పక్కనే కూర్చుని విన్నారు, బయటికొచ్చి నీ ఉద్యోగం తెచ్చిందన్నారు. కంచం వేరు చేస్తుంటే చూశారు. కూతురికి నేను ముద్ద పెట్టబోతే ఎన్నిసార్లు గద్దించారు! అన్నీ తెలిసి, అదే జబ్బున్న తన చేతుల్తో స్టీలు కంచంలో కలుపుకుని తిన్నారు. ఇవాళ మాత్రం అమ్మాజీకి నిజం చెప్పారు. ఎందుకు? వంటింట్లో నేను వల్లె వేసిన పద్యం విన్నారు కాబట్టి. డెల్టా ఉంటే లివరు తొందరగా పోతుందని భయమేసింది కాబట్టి. పెళ్ళానికి చెప్పని నిజం లివరు కోసం చెప్పారు. చెప్పి, అది నంబరు కింద గుట్టుగా ఉండిపోతుందనుకున్నారు. ట్యూబులు సర్దేది ఎవరో ఆయనకి గుర్తులేదు. ఇన్నేళ్ళలో నేను చేసే పనేమిటో ఆయనెప్పుడూ అడిగింది లేదు మరి.

"సరిపోయిందాండి?" అంది అమ్మాజీ.

"సరిపోయింది," అన్నాను. "ఆరు."

"ఆయ్," అంది. అప్పుడు నా మొహంలోకి చూసింది. ఆమె ఫారాలు చంకలో పెట్టుకుని పద్దెనిమిదో ఇంటికి వెళ్ళిపోయింది.

ఊదారంగు మూతలకి ఐసుపెట్టెలో వేరే అర ఉంది. ఆ పూట మొత్తానికి వచ్చినవి రెండే, ఆయనదీ నాదీ. పక్కపక్కనే నిలబెట్టాను. నాలో డెల్టా ఉందో లేదో తెలియదు. ఆయనలో ఉందో లేదో తెలియదు. ఉంటే వైద్యం చూసుకోవాలి, నాది నేను చూసుకుంటాను, అడిగితే ఆయనకీ దారి చెబుతాను. భయం లేదని కాదు గానీ ఆ పూట భయానికి చోటు దొరకలేదు. పదకొండింటికి బండి వచ్చి పెట్టె తీసుకెళ్ళింది. రసీదు మీద సంతకం చేస్తుంటే నా సంతకం నాకే పెద్దగా కనిపించింది.

ఒంటిగంటకి ఇల్లు చేరాను. ముందు పెరట్లోకి వెళ్ళి నీలం కంచం దించి, గుప్పెడు నూకలు పోసి కోళ్ళ ముందు పెట్టాను. చేతులు కడుక్కుని లోపలికొచ్చేసరికి అత్తయ్యగారు మూడు కంచాలు పెట్టి కూర్చున్నారు, నేనొచ్చి వడ్డించాలని. వడ్డించాను. గూట్లోంచి నాలుగో స్టీలు కంచం తీసి, తులసి పక్కన వేసుకుని, అందులో అన్నం పెట్టుకుని కూర్చున్నాను. కంచం అంచు మీద నా పేరు బొటనవేలికి గరుగ్గా తగిలింది.

"అదేంటమ్మాయ్, నీ కంచం పెరట్లో ఉంటే?" అన్నారు అత్తయ్యగారు.

"కోళ్ళకిచ్చేనండి."

మా ఆయన తలెత్తారు. "ఏంటీ వేషాలు? ఎండ గానీ తగిలిందా?"

నేను అన్నంలో చింతచిగురు రొయ్యలు కలిపాను. మెత్తగా, చిన్న నోటికి పట్టేంత ముద్ద చేశాను. ఎంతకాలంగా ఈ చేతికి తెలుసో ఆ కొలత. తులసి ముద్ద వైపు చూసింది, నాయనమ్మ వైపు చూసింది, తండ్రి వైపు చూసింది.

"తులసీ, తినకు," అన్నారాయన.

నేను గొంతు పెంచలేదు. "ఏవండీ," అన్నాను, "మీ ఊదా మూత ట్యూబు కూడా నేనే సర్దేనండి. నా దాని పక్కనే పెట్టేను."

ఆయన చెయ్యి అన్నంలో అలాగే ఉండిపోయింది. మొహంలో రక్తం ఎలా దిగిపోతుందో రోజూ చూసే పనే నాది, మళ్ళీ చూశాను.

"ఏం ట్యూబురా?" అన్నారు అత్తయ్యగారు.

"మీ సంగతి నేను చెప్పకూడదండి, మా రూలు ఒప్పుకోదు," అన్నాను ఆయనతో. "సాయంత్రం లోపు అత్తయ్యగారికి మీరే చెప్పండి. బంగారరాజు గారి దగ్గర్నుంచి మొదలుపెట్టండి."

"ఏంట్రా? వాడి ఊసెందుకిప్పుడు?" అన్నారు అత్తయ్యగారు, ఈసారి కొడుకు మొహంలోకి చూస్తూ. ఆయన కంచం అంచు మీద నా పేరు వైపు చూస్తూ కూర్చున్నారు.

ముద్ద ఇంకా నా చేతిలోనే ఉంది. తులసి ఇంక ఎవరి వైపూ చూడలేదు. నోరు తెరిచింది. పెట్టాను. బుగ్గ ఉబ్బించుకుని నెమ్మదిగా నమిలింది, మింగింది.

"కారంగా ఉందమ్మా," అంది. "ఇంకోటి పెట్టు."